మోటారు అడుగున బిరడా

ఇంజనీరింగు కాలేజీల వాళ్ళు అప్పుడప్పుడూ నన్ను పిలిచి, శాలువా కప్పి, "క్వాలిటీ గురించి మా పిల్లలకి నాలుగు మాటలు చెప్పండి మేడమ్" అంటుంటారు. చెప్తాను. ప్రమాణాలు ఎందుకు, పరీక్షలు ఎన్ని రకాలు, డిజైన్ దశలో దొరకని తప్పు తర్వాత ఎంత పెద్దదవుతుంది, అన్నీ చెప్తాను. పిల్లలు ఒక కన్ను ఫోను మీద వేసి వింటారు. అసలు చెప్పాలనుకున్న సంగతి మాత్రం ఆ స్టేజీల మీద నా నోట రాలేదు. మెడలో పూలదండ వేసుకుని, వెనకాల ఫ్లెక్సీ పెట్టుకుని, ఒక మనిషి చావు గురించి మాట్లాడటం నాకు చాతకాలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. చదివేవాళ్ళు ఫోను పక్కన పెడితే సంతోషం.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, ఆటోనగర్లో మోటార్లు తయారుచేసే ఒక కంపెనీలో టెస్టింగు సెక్షన్లో చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. చేరిన కొత్తల్లో ఆ షెడ్డు మొత్తానికి ఆడవాళ్ళంటే ఊడ్చే ఆవిడ, నేను. మా నాన్నగారు మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. మందు కొలత తప్పితే దేవుడు క్షమిస్తాడేమోగానీ రోగి బతకడు అనేవారు. ఆ మాట వంటబట్టిందేమో, మోటారు ఏమాత్రం తేడాగా ఉన్నా వెనక్కి పంపేసేదాన్ని. షెడ్డులో నాకు 'రిజెక్ట్ మేడమ్' అని పేరు పెట్టారు. క్రిస్మస్‌కి కేకు పంచితే, "దీన్నైనా పాస్ చేశారా మేడమ్?" అని అడిగి మరీ తినేవాళ్ళు.

మా డిజైన్ డిపార్టుమెంటు పెద్దని అందరం పెద్దసారు అనేవాళ్ళం. తెల్లచొక్కా, జేబులో పెన్సిలు, మధ్యాహ్నం పెరుగన్నం, ముక్కు మీద కోపం. కంప్యూటర్లు వచ్చి ఎన్నేళ్ళయినా ముందు కాగితం మీద పెన్సిలుతో గీసుకుంటేగానీ ఆయనకి ఆలోచన సాగేది కాదు. ఆయన గీసినదాన్ని ఎవరైనా వేలెత్తి చూపితే ఆ పూట షెడ్డు దద్దరిల్లేది. నాకూ ఆయనకీ తరచూ మాటా మాటా వచ్చేది. "మీరు రిజెక్ట్ చెయ్యడానికే పుట్టారమ్మా" అనేవారు. "మీరు గీస్తున్నంతకాలం నా ఉద్యోగానికి ఢోకా లేదండీ" అనేదాన్ని. కానీ ఒకసారి ప్రెస్సు కింద ఒక వర్కరు వేలు నలిగితే, ఎవరూ అడక్కుండానే ఆయన ఆ మిషనుకి అడ్డుకమ్మీ గీసి, దగ్గరుండి బిగింపించి, అప్పటిదాకా దాన్ని తిప్పనివ్వలేదు. ఆయన మీద నాకు గౌరవం అక్కడ మొదలైంది. ఈ కథలో తప్పు ఆయనది కాబట్టి, ముందు ఈ సంగతి చెప్పాలి.

జిల్లాలో పల్లపు మండలాలన్నీ వరి వదిలి రొయ్యల చెరువులవుతున్న రోజులవి. మా కంపెనీ చెరువుల్లో తిరిగే ఏరియేటర్లు మొదలుపెట్టింది. చెరువుల మీద వాటిని ఎవరూ ఆ పేరుతో పిలవరు, ఫ్యాన్లు అంటారు. నీళ్ళ మీద తేలే చట్రం, దాని పైన నీళ్ళకి అందకుండా మోటారు ఉంటాయి, ఆ మోటారుతో తిరిగే రెక్కలు నీళ్ళని ఎగజిమ్ముతాయి, ఆ చిమ్మటంలో గాలి నీళ్ళలో కలుస్తుంది. తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు బాగా పడిపోతుంది. ఆ వేళ ఫ్యాన్లు ఆగితే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. తేలాయంటే ఆ పంట పోయినట్టే.

అంటే మనుషులు దిగే నీళ్ళలో కరెంటు పెడుతున్నామన్నమాట. ఈ మాట మా కంపెనీలో మొదట అన్నది పెద్దసారే. మోటారులోంచి కరెంటు ఏకాస్త లీకైనా ఆ క్షణంలోనే సరఫరా ఆపేసే బ్రేకరు ఒకటి ఆయన ప్రతి ఫ్యానుకీ తప్పనిసరి చేశారు. దాన్ని రైతులు ట్రిప్ బాక్సు అనేవాళ్ళు. బయట చాలామంది అది లేకుండానే అమ్ముతున్నారు, మన రేటు పెరుగుతుంది, రైతు కొనడు అని సేల్స్ మేనేజరు మొత్తుకున్నాడు. "అది లేకుండా నా బొమ్మ ఈ గది దాటదు" అన్నారు పెద్దసారు. ఓనరు గారు ఉయ్యూరు దగ్గర చెరుకు రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి, పెద్దసారు మాటంటే గురి. సరేనన్నారు.

కంకిపాడు దగ్గర తెలిసినవాళ్ళ చెరువులో ట్రయల్ వేశారు. పంటకాలం పొడుగునా ఒక్క ఇబ్బంది రాలేదు. మంచిరోజు చూసి కొబ్బరికాయ కొట్టి మొదటి లారీ పంపించాం.

రెండో ఏడు చలికాలం నుంచి గొడవ మొదలైంది. డీలర్లు వరసపెట్టి ఫోన్లు. "ఊరికే ట్రిప్పయిపోతందండీ. సరిగ్గా తెల్లారగట్ట, ఫ్యాను కావాల్సిన టయానికే పడిపోతంది. రైతులు మమ్మల్ని తిడతన్నారు." ఆ మధ్యాహ్నం మా మెకానిక్కులు వెళ్ళి చూస్తే అంతా బాగానే ఉండేది. ట్రిప్ బాక్సులు మార్చారు, మళ్ళీ అదే. ఇక చెరువుల మీద జనం తమకి తోచిన వైద్యం చేసుకున్నారు. ట్రిప్ బాక్సు తప్పించి వైరు నేరుగా మోటారుకి కలిపేశారు. దాన్ని డైరెక్ట్ చెయ్యడం అంటారు. మన ఊళ్ళలో డైరెక్ట్ చెయ్యని వస్తువు లేదు, మీటరు దగ్గర్నించి మిక్సీ దాకా.

పెద్దసారుకి ఈ సంగతి తెలిసి ఒళ్ళు మండిపోయింది. ప్రాణం కాపాడే దాన్ని పీకి పారేసేవాళ్ళకి వస్తువులు అమ్మడం మన ఖర్మ అన్నారు. డీలర్లని ఫోన్లోనే కడిగేసేవారు. మోటారు ఒకటి తెప్పించండి, విప్పి చూద్దాం అని నేను రెండుమూడుసార్లు అడిగాను. వచ్చినవన్నీ డీలరు గోడౌన్లో నెల్లాళ్ళు ఎండిపోయి వచ్చేవి. వాటిలో ఏమీ దొరికేది కాదు.

అలా ఉండగా ఒకరోజు ఉదయం బంటుమిల్లి వైపు నుంచి డీలరు ఫోను చేశాడు. మన ఫ్యాను ఉన్న చెరువులో కాపలా మనిషి ఒకతను పోయాడు. రెక్కలకి తాడేదో చుట్టుకుంటే తియ్యడానికి నీళ్ళలోకి దిగి, ఫ్యాను చట్రం పట్టుకున్నాడట. అంతే.

సేల్స్ మేనేజరు ముందు అడిగిన ప్రశ్న, ట్రిప్ బాక్సు ఉందా, డైరెక్టా అని. డైరెక్ట్ అని తెలిశాక ఆయన మొహంలో ప్రశాంతత వచ్చింది. "అయితే మనకేం సంబంధం లేదండి" అన్నాడు. లాయరు గారూ ఫోన్లో అదే చెప్పారు. నిజమే, చట్టం ప్రకారం మాకేం సంబంధం లేదు. ఓనరు గారు మాత్రం, "అయినా ఒకసారి వెళ్ళి రండి. మన పేరున్న మిషను కదా" అని పెద్దసారునీ నన్నూ పంపించారు. మేం బయల్దేరేసరికి రెండ్రోజులైంది, అప్పటికే అంత్యక్రియలు అయిపోయాయి, పోలీసులు వచ్చి చూసి వెళ్ళారు.

ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమించి ఉన్నాయి. వాటి వెనకాల మెల్లగా పోతుంటే పెద్దసారు దారిపొడుగునా ఒకటే మాట. "నేను పెట్టినదాన్ని ఉంచుకుని ఉంటే ఇవాళ అతను బతికుండేవాడమ్మా." ఆయన కోపంలో బాధ లేకపోలేదు. పామర్రు, పెడన దాటాక ఇక చుట్టూ చెరువులే. ఎటు చూసినా నీళ్ళు, గట్లు, కరెంటు వైర్లు.

చెరువు లీజుకి తీసుకున్న రైతు మమ్మల్ని గట్టు మీదికి తీసుకెళ్ళాడు. "ఏం చెప్పమంటారండీ. డైరెక్ట్ చెయ్యొద్దంటే ఇన్నాడు కాదు. ఆ రోజు కొద్దిగా మందేసుకున్నాడేమో కూడా. చేతులారా చేసుకున్నాడు" అన్నాడు. పక్కనున్న నలుగురూ తలూపారు. చచ్చినవాడు ఎలాగూ జవాబు చెప్పడు.

గట్టు చివర రేకుల పాకలో అతని భార్య ఉంది. ముప్పై దాటిన మనిషి. మేత సంచులు ఒక మూలకి నెట్టి మాకు కుర్చీలు వేసింది. గోడ మీద బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు చూశాక మావాళ్ళేనని అర్థమైంది. దగ్గరకెళ్ళి చెయ్యి పట్టుకుని, "ప్రార్థన చెయ్యనామ్మా" అని అడిగాను.

"తర్వాత చేద్దురుగానండీ," అంది. "ముందు నాకొకటి చెప్పండి. మీరు ఆ ఫ్యాన్లు తయారుచేసే కంపినీ అంట గదా."

అవునన్నాను.

"మా ఆయన తాగడండి. ఆ సంగతి పాస్టరు గారినడిగినా చెప్తారు. వైరు డైరెక్ట్ ఇచ్చింది ఆయనే, నేను కాదన్ను. రోజూ తెల్లారగట్ట అది పడిపోద్ది. పడినప్పుడల్లా రైతు గారు వచ్చి అమ్మనాబూతులు తిట్టేవోరు. డైరెక్ట్ ఇచ్చెయ్యరా అన్నది కూడా ఆయనే. ఇప్పుడు ఊళ్ళో అందరూ చేతులారా చేసుకున్నాడని అంటన్నారు. మీరు చదూకున్నోళ్ళు. తప్పు మా ఆయనదేనాండీ?"

ఆ ప్రశ్న నన్ను చూసే అడిగింది. నేను మాట వెతుక్కుంటుండగా పెద్దసారు జవాబిచ్చారు. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు చెప్పారు. "అవునమ్మా. డైరెక్ట్ చెయ్యకూడదు. అది ఉంటే అతని ప్రాణం పోయేది కాదు. తప్పు అతనిదే."

ఆవిడ ఏడవలేదు. తల కిందికి దించి, "సరేనండి" అంది. ప్రార్థన సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కారెక్కే ముందు నేను ఒక పని చేశాను. ఆ ఫ్యాను మోటారు విప్పి ఇప్పించమన్నాను. "ఎందుకమ్మా, తెలిసిందే కదా" అన్నారు పెద్దసారు. "నాకు తెలియలేదండీ. మంచి మోటారు ట్రిప్పెందుకవుతుంది?" అన్నాను. ఆయన విసుక్కున్నారుగానీ అడ్డు చెప్పలేదు. రైతు కూడా ఆ అరిష్టం చెరువు మీద ఉండకపోవడమే మంచిదన్నట్టు వెంటనే విప్పించి డిక్కీలో పెట్టించాడు.

మర్నాడు పొద్దున్నే నా బల్ల మీద దాన్ని విప్పాను. మూత తియ్యగానే లోపల్నుంచి నీళ్ళు కారాయి, గ్లాసెడు ఉంటాయి. షెడ్డులో వాళ్ళు, "చెరువు నీళ్ళు దూరాయి మేడమ్, సీలు పోయింది" అన్నారు. నాకు అనుమానం వచ్చి వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఆ చెరువు ఉప్పునీటి చెరువు. ఈ నీళ్ళు ఉప్పగా లేవు. అంటే బయట్నుంచి రాలేదు, లోపలే పుట్టాయి. తిరిగి వేడెక్కిన మోటారు ఆగినప్పుడల్లా చల్లారుతూ గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఆ తేమ లోపల చెమట పట్టి నీరవుతుంది. ప్రతి మోటారుకీ ఉండే జబ్బే ఇది. అందుకే ఆ నీరు కారిపోవడానికి అడుగున చిన్న చిల్లు పెడతారు. పెద్దసారు గీసిన బొమ్మలోనూ ఆ చిల్లు ఉంది. మోటారు తిరగేసి చూశాను. చిల్లులో నల్లటి రబ్బరు బిరడా బిగించి ఉంది.

ఆ బిరడా ఎందుకొచ్చిందో నాకు తెలుసు. డీలర్ల గోడౌన్లలో మా పాత రకం మోటార్ల చిల్లుల్లో కందిరీగలు మట్టిగూళ్ళు పెడుతుంటే, పెద్దసారు ఈ ఫ్యాన్లకి మొదట్నుంచే రవాణా కోసమని ఆ బిరడా పెట్టించారు. చెరువులో దింపేముందు పీకెయ్యాలి. మోటారు తనిఖీల్లో అది లెక్కలోకి రాలేదు, ప్యాకింగు సామాను కింద పోయింది. పీకకపోతే చెమట నీరంతా లోపలే నిలుస్తుంది. పగలు ఎండకి తగ్గుతుంది, తెల్లవారుజాము చలికి మళ్ళీ నిండుతుంది, కరెంటు లీకవుతుంది. ట్రిప్ బాక్సు అబద్ధం చెప్పలేదు. ప్రతి తెల్లవారుజామునా నిజమే చెప్పింది, ఎవరూ వినలేదు.

డీలర్లకి ఫోను చేసి, మీ చెరువుల మీద మోటార్ల అడుగున బిరడాలు ఉన్నాయా అని అడిగాను. ఒకాయన గర్వంగా చెప్పాడు, "అన్నిటికీ భద్రంగా ఉన్నాయండీ. ఒకటీ అరా ఊడిపోతే మేమే కొత్తవి కొట్టిస్తన్నాం."

వాళ్ళని తప్పు పట్టలేకపోయాను. నీళ్ళ మీద తేలే వస్తువు అడుగున బిరడా ఉంటే ఎవడు పీకుతాడు? పడవలో కూర్చుని చిల్లు పెట్టుకునే మనిషి మన డెల్టాలో ఉంటాడా? నీళ్ళ మధ్య పుట్టి పెరిగినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ తెలివే వాళ్ళని మోసం చేసింది.

పెద్దసారు గదికి వెళ్ళి, మోటారూ బిరడా బల్ల మీద పెట్టి విషయం చెప్పాను. ఆయన బిరడా చేతిలోకి తీసుకుని, "బుక్కులో రాశానమ్మా. దింపేముందు తీసెయ్యమని స్పష్టంగా రాశాను" అన్నారు.

"ఇంగ్లీషులో రాశారు. ఆ బుక్కు డీలరు సొరుగు దాటదండీ."

"మరి ట్రయల్లో రాలేదే?"

"ట్రయల్ ఫ్యాను చెరువులో దింపింది ఎవరండీ?"

దింపింది ఆయనే. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, తనే దగ్గరుండి బిగించి, తనే ఆ బిరడా పీకి జేబులో వేసుకున్నారు. ఈ ముక్క మీరు రాసిపెట్టుకోండి పిల్లలూ. గీసినవాడే బిగిస్తే ఆ పరీక్ష వస్తువుకి కాదు, గీసినవాడికి. ఆయన అందులో పాసయ్యారు. ఆయన తలలో ఉన్నది ఎదుటివాడి తలలో లేనప్పుడు ఏమవుతుందో ఎవరూ పరీక్షించలేదు.

అంత చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. నిరూపించండి అన్నారు. షెడ్డు వెనకాల తొట్లలో రెండు కొత్త మోటార్లు తేలగట్టి, ఒకదానికి బిరడా ఉంచి, ఒకదానికి తీసి, తడి గోనెలు కప్పి, తిప్పుతూ ఆపుతూ వచ్చాం. ఆయన ఎవరినీ నమ్మకుండా కుర్చీ వేసుకుని అక్కడే కూర్చునేవారు. వారం తిరక్కుండా బిరడా ఉన్నది టక్కున ట్రిప్పయింది. రెండోది సుబ్బరంగా తిరుగుతూనే ఉంది. పెద్దసారు ట్రిప్ బాక్సు స్విచ్చి మళ్ళీ పైకి ఎత్తారు. మళ్ళీ పడింది. మూడోసారి ఎత్తడానికి చెయ్యి చాచి, ఆగిపోయారు.

అరుస్తారనుకున్నాను. అరవలేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, "ఆ అమ్మాయికి నేనేం చెప్పి వచ్చానమ్మా?" అన్నారు.

ఆయన అంత చిన్నగా ముడుచుకుపోగా అంతకు ముందు నేను చూడలేదు, నాకు ఏడుపొచ్చింది.

ఆ మర్నాడు ఓనరు గారి గదిలో కూర్చున్నాం. ఓనరు గారు, సేల్స్ మేనేజరు, పెద్దసారు, నేను. బిరడా ఉన్న మోటారు ఒక్కటి కూడా నా బల్ల దాటదని ముందే చెప్పేశాను. దానికెవరూ అడ్డు చెప్పలేదు. సేల్స్ మేనేజరు ఆలోచన చురుగ్గానే ఉంది. మనుషుల్ని పంపించి ప్రతి చెరువులో బిరడాలు తీయిద్దాం, ట్రిప్ బాక్సులు మళ్ళీ కలుపుదాం, 'ఉచిత సర్వీసు' అని పేరు పెడదాం, కారణం మాత్రం చెప్పొద్దు. మంచి పేరుకి మంచి పేరు, పనికి పని.

ఓనరు గారు మేనేజరు మాటే బాగుందన్నారు. చెడ్డ మనిషి కాదాయన. షెడ్డు మీద ఆధారపడి ఇన్ని కుటుంబాలున్నాయి, ఆ మాట ఒక్కసారి బయటపడితే డీలర్లు ఎలా తిరగబడతారో, కోర్టు ఎంతదూరం లాగుతుందో ఆయన కళ్ళ ముందు కనపడుతోంది. "ఇకమీద ఎవరూ చావకుండా చూద్దాం. అది ముఖ్యం కదా. పోయినవాణ్ణి తేలేంగా" అన్నారు.

"తేలేం," అన్నారు పెద్దసారు. "కానీ తప్పు అతనిదేనని అతని పెళ్ళానికి చెప్పి వచ్చాను. అది వెనక్కి తీసుకోవాలి."

"మీరు చెప్పినా ఒకటే, కంపెనీ చెప్పినా ఒకటే అవుతుంది. తెలుసా?" అన్నారు ఓనరు గారు.

"తెలుసండి. అప్పుడు చెప్పింది కూడా కంపెనీ మనిషిగానే కదా. మీకు ఇబ్బందైతే ఇప్పుడే రాజీనామా రాసిచ్చి వెళ్తాను."

"రిటైర్మెంటుకి ముందు ఇదేం పట్టుదలండీ మీకు" అని సేల్స్ మేనేజరు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోతే ఆపేశాడు.

ఓనరు గారు నావైపు తిరిగారు. నాకు యాభై దాటినా ఆయన నన్ను అమ్మాయ్ అనే పిలిచేవారు. "నువ్వేమంటావమ్మాయ్?"

"డైరెక్ట్ చెయ్యడం తప్పేనండి. కానీ మంచి మోటారైతే అతనికి ఆ అవసరమే రాదు. నేనూ పెద్దసారుతో వెళ్తాను" అన్నాను.

ఓనరు గారు లేచి మొహం కడుక్కుని వచ్చారు. చివరికి, "రాజీనామాలూ గీజీనామాలూ వద్దు. వెళ్ళండి. నేను ఆపను, నేను రాను" అన్నారు. ఆ మాటలో సగం ధైర్యం ఉంది, సగం లేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే, ఆ సగమైనా చాలామందికి ఉండదనిపిస్తోంది.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. మా మెకానిక్కులు ఊరూరా తిరిగి బిరడాలు పీకారు. పెద్దసారు ఆ చిల్లుకి కందిరీగ దూరనంత సన్నటి జల్లెడ అమర్చారు, దాన్ని ఎవరూ తియ్యక్కర్లేదు, పెట్టక్కర్లేదు. ఇకమీద ట్రయల్ అంటే వస్తువుని రైతు చేతికిచ్చి, నోరు మూసుకుని దూరంగా నిలబడటమేనని ఆయనే రూలు పెట్టారు. ఆ రూలు పాటించడం ఆయనకి ఎంత కష్టమయ్యేదో చూస్తే జాలేసేది. డీలర్లు కొన్నాళ్ళు గొణిగారు, కొందరు వదిలేశారు కూడా. కంపెనీ మునిగిపోలేదు. ఆ కుటుంబానికి ఓనరు గారు చెయ్యగలిగింది చేశారు. ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఇక ఆ రోజు సంగతి. మేం వెళ్ళేసరికి ఆవిడ పాకలో సామాను సర్దుకుంటోంది. కొత్త కాపలా మనిషి వస్తున్నాడు, ఖాళీ చెయ్యమన్నారట. మమ్మల్ని చూసి కుర్చీలు వెయ్యబోయింది. పెద్దసారు వద్దన్నారు. నిలబడే, చేతులు కట్టుకుని, బిరడా సంగతి మొత్తం చెప్పారు. ఇంగ్లీషు ముక్క లేకుండా చెప్పారు. "ఆ రోజు నేను తప్పు చెప్పానమ్మా. తప్పు మీ ఆయనది కాదు, నాది. నన్ను క్షమించమని అడిగే అర్హత కూడా నాకు లేదు" అన్నారు. నేను బయటికి చూస్తూ నిలబడ్డాను.

ఆవిడ చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టింది. "అది తీసెయ్యాలని ఒక్కరు చెప్పుంటే, ఆయన తీసేసేవోడండి" అంది.

ఇంక వెళ్దామా అన్నట్టు పెద్దసారు నావైపు చూశారు. అప్పుడు ఆవిడ కొంగు నడుముకి దోపుకుని గుమ్మం దాటింది.

"ఆయన సంగతి నాకు తెల్సండి. నాకు చెప్తే ఏం లాభం? చెరువులోళ్ళంతా ఈ టయానికి రోడ్డు మీద టీకొట్టు కాడ ఉంటారు. రైతు గారూ ఆడనే ఉంటారు. అక్కడ చెప్పండి" అంది.

గట్టు మీద ఆవిడ ముందు, వెనకాల పెద్దసారు, ఆ వెనక నేను. ఆయన తెల్లచొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. డిజైన్లో చిన్న గీత తప్పన్నా సహించని మనిషి, ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు తన తప్పు చెప్పడానికి నడుస్తున్నారు. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతారేమోనని నాకు భయంగా ఉంది. ఆగలేదు.

టీకొట్టు దగ్గర పదిహేను మంది దాకా ఉన్నారు. లీజు రైతు బల్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. మమ్మల్ని చూసి, "రండి సార్, టీ తాగుదురుగాని" అన్నాడు. పెద్దసారు టీ తీసుకోలేదు. నమస్కారం పెట్టి, తనెవరో చెప్పి, ఈ చెరువులో చనిపోయిన మనిషి తాగి పోలేదు, తెలివితక్కువతనంతో పోలేదు, మా మోటారులో నేను చేసిన తప్పు వల్ల పోయాడు, అతని మీద పడ్డ నింద నాది అని చెప్పారు. గ్లాసులు చేతుల్లో అలాగే ఉండిపోయాయి. రైతు పేపరు మడిచి, "పోనీలెండి సార్, జరిగిందేదో జరిగిపోయింది" అని మాట తుంచెయ్యబోయాడు.

ఆవిడ కొట్టు రాట పక్కన నిలబడి ఉంది.

"ఆ చివరోళ్ళకి ఇనపడలేదండీ," అంది. "ఇంకోసారి చెప్పండి."

పెద్దసారు ఆ చివరనున్నవాళ్ళ వైపు తిరిగి, మొదట్నుంచీ మళ్ళీ చెప్పారు.